ఒంటరిగా క్రూయిజ్‌కు వెళ్లేవారికి తోడు ఎలా దొరుకుతుంది?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్న ఒక సోదరి అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆమెకు యాభై ఏడేళ్లు. ఉపాధ్యాయినిగా పనిచేసి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. భర్త పోయి మూడేళ్లయింది, పిల్లలిద్దరూ దూరాన ఉన్నారు. సింగపూర్ నుంచి బయలుదేరే నాలుగు రాత్రుల క్రూయిజ్‌కు ఒక్కరే వెళ్లాలని ఉంది గానీ మూడు సందేహాలు ఆమెను వెనక్కి లాగుతున్నాయి. అందరూ జంటలుగానో కుటుంబాలుగానో ఉండే ఓడలో తాను ఒక్కతే కూర్చుని తినవలసి వస్తుందా, తనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషుతో ఎవరితోనైనా స్నేహం కుదురుతుందా, ఒక్క మనిషికి ఇద్దరి డబ్బు కట్టమని ఏజెంటు అడగడం న్యాయమేనా అన్నవి ఆ సందేహాలు.

అమ్మా, నాకిప్పుడు అరవై ఆరేళ్లు. బ్యాంకు ఉద్యోగం చేసి పదవీ విరమణ తరువాత మల్కాజిగిరిలో స్థిరపడ్డాను. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయిన మరుసటి ఏడు, 2017లో, మొదటిసారి ఓడ ఎక్కాను. ఇప్పటికి ఆరుసార్లు వెళ్లాను. అందులో నాలుగుసార్లు ఒంటరిగానే వెళ్లాను: సింగపూర్ నుంచి రెండుసార్లు, ముంబై నుంచి ఒకసారి, వాంకూవర్ నుంచి అలాస్కా తీరానికి ఒకసారి. ఈ నాలుగింటిలో రెండు ప్రయాణాలు నాకు మంచి స్నేహితులనిచ్చాయి, ఒకటి కాలక్షేపంతో సరిపోయింది, మరొకటి దాదాపు ఎవరితోనూ మాట కలవకుండానే ముగిసింది. ఆ తేడా ఎక్కడ వచ్చిందో బాగా ఆలోచించుకున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

తోడు తప్పక దొరుకుతుంది, అయితే అది తనంతట తాను వచ్చి మన పక్కన కూర్చోదు. మూడు వేలమంది ఉన్న ఓడ కూడా మన అపార్ట్‌మెంట్ లాంటిదే. లిఫ్టులో పదేళ్లు ఒకరినొకరు చూసి నవ్వుకుంటారు గానీ పేర్లు తెలియవు. అదే సఫిల్‌గూడ చెరువు కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్లను చూడండి. రోజూ ఒకే వేళకు, ఒకే మలుపు దగ్గర ఎదురుపడడం వల్ల మొదట తల ఊపుకుంటారు, వారం తిరిగేసరికి ఆగి మాట్లాడుకుంటారు, నెల తిరిగేసరికి ఒకరు రాకపోతే ఇంకొకరు ఫోను చేసి కనుక్కుంటారు. స్నేహానికి కావలసింది గొప్ప చొరవ కాదు, అవే ముఖాలు అదే వేళకు అదే చోట మళ్లీ మళ్లీ కనిపించడం. ఊళ్లో అందుకు నెలలు పట్టినా నష్టం లేదు. ఓడ మీద నాలుగు రోజులే ఉంటాయి కనుక ఆ వేళనూ ఆ చోటునూ మొదటి రోజే మనం ఎంచుకోవాలి. నేను చెప్పబోయే మిగతా మాటలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ముందుగా భోజనం సంగతి చెబుతాను, ఎందుకంటే మీ భయమూ అదే, ఓడ మీద పరిచయాలు ఎక్కువగా పుట్టే చోటూ అదే. పెద్ద ఓడల్లో రాత్రి భోజనానికి రెండు దారులుంటాయి. ఒకటి పైఅంతస్తులో ఉండే బఫే. మనకు నచ్చింది వడ్డించుకుని ఖాళీగా ఉన్నచోట కూర్చోవచ్చు. రెండోది కింది అంతస్తుల్లో ఉండే ప్రధాన భోజనశాల. అక్కడ బల్లకు తీసుకెళ్లి కూర్చోబెడతారు, వెయిటర్ వచ్చి అడిగి వడ్డిస్తాడు. చాలా ఓడల్లో ఈ రెండోదాని ఖర్చు కూడా టికెట్‌లోనే కలిసి ఉంటుంది, ఈ సంగతి తెలియక మనవాళ్లు చాలామంది ప్రయాణమంతా బఫేలోనే తింటారు. 2017లో నేనూ అదే చేశాను. మొదటి రాత్రి ప్లేటు పట్టుకుని కిటికీ పక్కన ఇద్దరు కూర్చునే బల్ల వెతుక్కుని, హాలుకు వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి కూర్చున్నాను. బయట చీకటి. అద్దంలో సముద్రం కనబడలేదు, నా ముఖమూ, వెనక బల్లల దగ్గర నవ్వుకుంటున్న కుటుంబాలూ కనబడ్డాయి. రెండో రాత్రీ అంతే. మూడో రాత్రి ప్లేట్లు తీయడానికి వచ్చిన గోవా కుర్రవాడొకడు హిందీలో మెల్లగా, "మేడమ్, కింది భోజనశాలలో ఎనిమిదిమంది కూర్చునే బల్లలున్నాయి, అక్కడ హెడ్ వెయిటర్‌ను అడగండి, ఒంటరిగా వచ్చినవాళ్లను కలిపి కూర్చోబెడతారు" అన్నాడు. తింటున్నది మధ్యలోనే వదిలి కిందికి వెళ్లాను.

ఆ బల్ల దగ్గర నాగ్‌పూర్ నుంచి వచ్చిన దంపతులు, ఒంటరిగా వచ్చిన ఆస్ట్రేలియా విశ్రాంత నర్సు ఒకామె, మలేషియాలోని ఇపో నుంచి వచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు. నా చేతిసంచిలో నువ్వులపొడి ప్యాకెట్ ఉంది, అంగడిలో కొన్నది, సీలు విప్పనిది. చప్పటి కూర వచ్చినప్పుడు దాన్ని తీసి విప్పబోతూ అలవాటుగా "నువ్వులపొడి" అని పైకే అన్నాను. ఎదురుగా ఉన్న అక్కచెల్లెళ్లలో పెద్దామె చెంచా కింద పెట్టి, "మీరు తెలుగువాళ్లా?" అని తెలుగులోనే అడిగింది. ఆమె తాతగారు విశాఖ ప్రాంతం నుంచి పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతో కొబ్బరి తోటలకు కూలిపనికి వెళ్లారట. మలేషియాలో తోటల కోసం వెళ్లి తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి, సింగపూర్ ఓడల్లో అలాంటివారు తారసపడడం వింతేమీ కాదు. ఆమె తెలుగులో మా నాయనమ్మ వాడిన మాటలు వినిపించాయి. ఆ పొడిని వెన్న రాసిన బ్రెడ్డు ముక్క మీద చల్లి చెల్లెలికి ఒకటి, నర్సుగారికి ఒకటి చేసి ఇచ్చింది. భోజనశాల మూసేవరకూ కూర్చున్నాము. మర్నాటి రాత్రి గడిస్తే ప్రయాణం అయిపోతుంది. నాలుగు రాత్రుల్లో రెండింటిని కిటికీ దగ్గర పోగొట్టుకున్నందుకు నాకు ఈనాటికీ బాధగానే ఉంటుంది, మీకు ఆ నష్టం జరగకూడదని కోరుకుంటున్నాను.

కాబట్టి ఓడ ఎక్కిన రోజు మధ్యాహ్నమే, ఇంకా రేవు వదలకముందే, భోజనశాల ద్వారం దగ్గరకు వెళ్లి అక్కడున్నవారితో ఇదొక్క మాట చెప్పండి: "ఐయామ్ ట్రావెలింగ్ అలోన్, ఐ వుడ్ లైక్ ఎ షేర్డ్ టేబుల్, ప్లీజ్." అంతకు మించిన ఇంగ్లీషు అవసరం లేదు. రోజూ ఒకే వేళకు, ఒకే బల్లకు వెళ్లే పద్ధతి ఆ ఓడలో ఉంటే దాన్నే ఎంచుకోండి. వేళ మన ఇష్టానికి వదిలే పద్ధతి సౌకర్యంగానే ఉంటుంది గానీ రోజుకో కొత్త గుంపు ఎదురవుతుంది, మొదటి పరిచయపు మాటలతోనే ప్రతి రాత్రీ గడిచిపోతుంది. శాకాహారం, వెల్లుల్లి వద్దనుకోవడం లాంటివి టికెట్ తీసుకునేటప్పుడే రాయించి, మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌కు మళ్లీ చెప్పండి. మర్నాటికి పప్పో కూరో చేయించగలరా అని అడిగితే చాలా ఓడల్లో సంతోషంగా చేయిస్తారు. ఇంట్లో చేసిన వంటకాలను ఓడలోకి సాధారణంగా రానివ్వరు. సీలు వేసిన పొడి ప్యాకెట్లను నా ప్రయాణాల్లో ఎవరూ ఆపలేదు.

పగటిపూట సంగతికి వస్తే, ఓడలో ఏ గంటకు ఎక్కడ ఏం జరుగుతుందో చెప్పే దినచర్య పత్రం రోజూ గదికి వస్తుంది, లేదా ఓడ యాప్‌లో కనిపిస్తుంది. రాత్రి పడుకునే ముందు దాన్ని పెన్సిల్ పట్టుకుని చదవండి. చాలా ఓడల్లో ఒంటరి ప్రయాణికుల పరిచయ సమావేశం అని మొదటి సాయంత్రమో, మొదటిసారి పూర్తిగా సముద్రం మీద గడిపే రోజునో ఒక అరగంట ఉంటుంది. దాన్ని వదులుకోవద్దు. వచ్చేవారు పదిమందే అయినా అందరూ మీలాగే తోడు వెతుక్కుంటూ వచ్చినవారు, కనుక అక్కడ మొహమాటపడవలసిన పని లేదు. తరువాత చెప్పుకోదగ్గది క్విజ్. ట్రివియా అంటారు. జట్టుకు ఆరుగురి వరకూ ఉండనిస్తారు, నలుగురే ఉన్న జట్టు కనిపిస్తే వెళ్లి "ఇంకొకరికి చోటుందా?" అని అడిగితే కాదనేవారిని నేను చూడలేదు. మీరు బడిలో పాఠాలు చెప్పినవారు, భూగోళం ప్రశ్నలు వస్తే జట్టంతా మీవైపే చూస్తుంది. పేకాట బల్లలు, కాగితం పూలు చేయించే తరగతి, నృత్యం నేర్పే గంట, ఇవన్నీ చేతులకు పని ఇస్తాయి. చేతులకు పని ఉన్నప్పుడు మాట సులువుగా వస్తుంది. పెద్ద థియేటర్‌లో జరిగే ప్రదర్శనలు చూడదగ్గవే గానీ చీకట్లో పక్కవారి ముఖమే కనబడదు, కాబట్టి వాటి నుంచి పరిచయాలను ఆశించవద్దు. ఈత కొలను పక్కన కుర్చీల్లో చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నవారిని వారి మానాన వదిలేయండి.

నాకు అన్నిటికన్నా బాగా ఉపయోగపడింది ఉదయపు నడక. అలాస్కా వెళ్లినప్పుడు ప్రతి ఉదయం ఆరు గంటలకు డెక్ మీద నడిచాను, ఆరున్నరకు అదే మూల బల్ల దగ్గర టీ తాగాను. రెండో రోజు ఇద్దరు పలకరించారు. మూడో రోజు లక్నో నుంచి వెళ్లి టొరంటోలో స్థిరపడిన దంపతులు నడకలో కలిశారు. చలికి ఆయన తన మఫ్లర్ తీసి ఇవ్వబోతే నేను అప్రయత్నంగా "నక్కో భాయ్, నక్కో" అన్నాను. వాళ్లిద్దరూ ఆగిపోయి, హైదరాబాదీ ఉర్దూ సినిమాల్లో తప్ప నేరుగా ఎవరి నోటా వినలేదని, ఇంకా మాట్లాడమని బతిమాలారు. ఆ రోజు నుంచి టీ బల్ల దగ్గర నలుగురమయ్యాము, నాలుగో ఆమె వేల్స్ నుంచి వచ్చిన లైబ్రేరియన్. గ్లేసియర్ బే దగ్గర మంచు గోడ విరిగి నీళ్లలో పడినప్పుడు ముందు తెల్లటి పొడి లేచింది, చప్పుడు ఆ తరువాత వచ్చింది. ఆ క్షణాన ఆమె నా మోచేయి పట్టుకుంది. అలాంటిది చూసేటప్పుడు పక్కన తెలిసిన మనిషి ఉండడం ఎంత విలువైనదో అప్పుడు తెలిసింది.

ఈ అనుభవం మీ ఇంగ్లీషు సందేహానికి కూడా జవాబు. హైదరాబాద్ వాళ్లకు తెలుగుతో పాటు ఎంతోకొంత హిందీ వస్తుంది కనుక ముంబైవారు, ఢిల్లీవారు, లాహోర్‌వారు, ఢాకావారు, ఫిజీ భారతీయులు, వీళ్లందరితో మాట కలుస్తుంది. సిబ్బందిలో గోవా, కేరళ, ముంబై కుర్రవాళ్లు చాలా ఓడల్లో ఉంటారు. ఇంగ్లీషు మాతృభాష కానివారు ఫిలిప్పీన్స్ నుంచీ, ఇండోనేషియా నుంచీ, చైనా నుంచీ ఎంతోమంది వస్తారు. వారితో నిదానంగా, చిన్న మాటల్లో మాట్లాడితే ఇద్దరికీ సుఖమే.

మాట ఎలా మొదలుపెట్టాలన్నది భాష కంటే ముఖ్యం. మనకు "ఏ ఊరండీ?" దగ్గర మొదలుపెట్టి రెండో నిమిషానికే "పిల్లలెంతమంది, ఏం చేస్తున్నారు?" దాకా వెళ్లడం అలవాటు. మనదేశంవారితో అది తలుపులు తెరిచే పద్ధతే, పాపికొండల లాంచీలో రాజమండ్రి వారూ వరంగల్ వారూ అలాగే గంటలో బంధువులైపోతారు. పాశ్చాత్య దేశాలవారితో మాత్రం వయసు, పెళ్లి, పిల్లలు, జీతం అడగడం మొదటి రోజు వద్దు. ఇదే మొదటి ఓడ ప్రయాణమా, నిన్నటి రేవులో ఏం చూశారు, భోజనశాలలో ఏది బాగుంది అని అడిగితే వారే తమ ఇంటి సంగతులు చెప్పడం మొదలుపెడతారు. మిమ్మల్ని "ఒక్కరే వచ్చారా?" అని తప్పకుండా అడుగుతారు, మనవాళ్లయితే మరీ. దానికి ఒక వాక్యం ఇంట్లోనే సిద్ధం చేసుకోండి. నేను "అవునండీ, చూడాలనిపించింది, వచ్చాను" అంటాను. మీరు మీ వారి గురించి చెప్పదలచుకుంటే ఒక్క వాక్యంలో చెప్పి ఆగండి. వినేవారు మంచివారైతే మూడో రోజు వారే మళ్లీ అడుగుతారు, అప్పుడు కావలసినంత చెప్పుకోవచ్చు. బంధువులు ఏమనుకుంటారోనన్న బెంగ గురించి మీరు రాయకపోయినా అది మీ ప్రశ్న వెనక ఉందని నాకు తెలుస్తోంది. పెళ్లి చేసుకోనిదానిగా ఆ మాటలు నేను నలభై ఏళ్లు విన్నాను. ప్రయాణం ఖరారయ్యాక చెప్పండి, ముందు సలహా అడగవద్దు.

ఇక డబ్బు. క్రూయిజ్ సంస్థలు క్యాబిన్ ధరను ఇద్దరు ఉంటారన్న లెక్కతో నిర్ణయించి, తలకు ఇంత అని ప్రకటిస్తాయి. ఒక్కరే తీసుకుంటే రెండో మనిషి చోటు ఖాళీగా పోతుంది కనుక అదనపు రుసుము వేస్తాయి, దాన్నే సింగిల్ సప్లిమెంట్ అంటారు. తలకు నలభై వేలు అని ప్రకటించారనుకుందాం, ఒక్కరి నుంచి ఎనభై వేల దాకా అడగవచ్చు. మీ ఏజెంటు అడిగింది అందులో భాగమే తప్ప మోసం కాదు. కానీ రేవు రుసుములు, పన్నులు, రోజువారీ టిప్పులు మనిషికి లెక్క, గదికి కాదు. వాటిని కూడా రెండింతలు చేశారేమో విడివిడిగా రాసిమ్మని అడగండి. టిప్పు చాలా అంతర్జాతీయ ఓడల్లో రోజుకు మనిషికి సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా తనంతట తానే ఖాతాలో పడుతుంది, ముందే లెక్కలో వేసుకోండి. ఒంటరివారికోసమే గదులు కట్టిన ఓడలూ ఉన్నాయి. 2010లో వచ్చిన నార్వేజియన్ ఎపిక్ ఓడలో సుమారు వంద చదరపు అడుగుల స్టూడియో క్యాబిన్లు 128 పెట్టారు, ఆ గదులవారు మాత్రమే వచ్చి కూర్చునే ఒక హాలు కూడా ఏర్పాటు చేశారు. కిటికీ లేని చిన్న గది అయినా ఆ హాలు కోసమే దాన్ని ఎంచుకోవచ్చని నా అభిప్రాయం. హైదరాబాద్ నుంచి బృందాలను తీసుకెళ్లే ఏజెంట్లు "లేడీస్ షేరింగ్" అని ముక్కూమొహం తెలియని మరొకామెతో గది కలుపుతామంటారు. డబ్బు సగం మిగులుతుంది. అయితే తలుపు వేసుకుని మనకు మనం ఉండే చోటు లేకపోతే పగలంతా మనుషులతో గడిపే ఓపిక రెండో రోజుకే అడుగంటుతుంది. ముంబై ప్రయాణంలో నేను అలా పంచుకుని చూశాను, ఇక పంచుకోను.

ఎవరితో కలుస్తామన్నది ఓడను బట్టీ, తేదీని బట్టీ చాలా మారుతుంది. ముంబై నుంచి గోవా వైపు వారాంతాల్లో వెళ్లే రెండు రాత్రుల ప్రయాణాల్లో ఆఫీసు బృందాలు, పుట్టినరోజు బృందాలు, చిన్నపిల్లల కుటుంబాలు ఎక్కువ. వారు తమ గుంపుతోనే వస్తారు, తమ గుంపుతోనే దిగుతారు. కార్డీలియా అనే క్రూయిజ్ సంస్థ వారి ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ, 2021 నుంచి మన తీరంలో తిరుగుతోంది, 2022 జూన్‌లో విశాఖపట్నం రేవు నుంచి కూడా ప్రయాణికులను తీసుకెళ్లింది. 2023లో విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. ఓడ అంటే ఏమిటో, కడుపులో తిప్పుతుందో లేదో తెలుసుకోవడానికి ఇలాంటి చిన్న ప్రయాణం చక్కగా సరిపోతుంది. స్నేహాలకు మాత్రం రెండు రాత్రులు చాలవు. సింగపూర్ నుంచి వెళ్లే జెంటింగ్ డ్రీమ్ లాంటివి లక్షన్నర టన్నుల, పద్దెనిమిది అంతస్తుల ఓడలు, మూడు వేలకు పైగా ప్రయాణికులు ఉంటారు. నిన్న చూసిన ముఖం మళ్లీ కనబడదు. అందుకే ఒకే చోటు, ఒకే వేళ అన్న నియమం అక్కడ ఇంకా ఎక్కువ పాటించాలి. మన వేసవి సెలవులు, దసరా, జూన్‌లోనూ నవంబరు చివరి నుంచి డిసెంబరు అంతా ఉండే సింగపూర్ బడి సెలవులు, చైనా కొత్త సంవత్సరం వదిలేసి జులై, ఆగస్టుల్లో పనిదినాలకు టికెట్ చూడండి. అప్పుడు పెద్దవయసువారు ఎక్కువగా కనిపిస్తారు, వారికి కూర్చుని మాట్లాడే తీరిక ఉంటుంది. ఆగస్టులో 9వ తేదీ సింగపూర్ జాతీయ దినం, 15 మన స్వాతంత్ర్య దినోత్సవం, వాటి చుట్టూ వచ్చే వారాంతాలు తప్పించండి. పూర్తిగా సముద్రం మీదే గడిచే రోజు కనీసం ఒకటైనా ఉన్న ప్రయాణాన్ని ఎంచుకోండి. రేవుల్లో ఆగే రోజుల్లో ఎవరికి వారు ఊరు చూసే తొందరలో ఉంటారు.

రేవుల్లో దిగినప్పుడు బల్ల దగ్గర పరిచయమైనవారితో కలిసి వెళ్తే ఖర్చూ తగ్గుతుంది, ఊరూ బాగా చూడవచ్చు. మలేషియాలోని పెనాంగ్‌లో ఓడ జార్జ్‌టౌన్ పాత ఊరి పక్కనే ఆగుతుంది. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఆ వీధులను నడిచే చూడవచ్చు, లిటిల్ ఇండియాలో ఇడ్లీ కూడా దొరుకుతుంది. థాయిలాండ్‌లోని పుకెట్‌లో ఓడ దూరంగా లంగరు వేస్తే చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చవచ్చు. అక్కడ ఒక సంగతి బాగా గుర్తుంచుకోండి. థాయిలాండ్ గడియారం సింగపూర్ కంటే గంట వెనక ఉంటుంది. ఒడ్డుకు చేరగానే ఫోను తనంతట తాను గంట వెనక్కి మారిపోతుంది, ఓడ మాత్రం సింగపూర్ సమయంతోనే నడుస్తూ ఉండవచ్చు. ఫోను చూసుకుని ఇంకా గంట ఉందనుకున్న ఒక జంట జెట్టీ మీద పరుగెత్తుకుంటూ రావడం నేను కళ్లారా చూశాను. చేతికి మామూలు గడియారం పెట్టుకుని ఓడ సమయానికే ఉంచండి. ఓడ వారి ద్వారా తీసుకున్న విహారయాత్ర ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా టాక్సీలో వెళ్లినవారి కోసం ఆగదు. కనుక కొత్త స్నేహితులతో వెళ్లేటప్పుడు తిరిగి వచ్చే గంటను టాక్సీ ఎక్కకముందే అందరూ ఒప్పుకోవాలి. ఎవరైనా ఇంకో అంగడి చూద్దామంటే మొహమాటం లేకుండా మీరు బయలుదేరండి.

భద్రత గురించి భయపెట్టడం నా ఉద్దేశం కాదు గానీ కొన్ని మాటలు చెప్పకుండా ఉండలేను. గది నంబరు ఎవరికీ చెప్పవద్దు, కలుసుకోవడం ఎప్పుడూ లాంజ్‌లోనో భోజనశాలలోనో పెట్టుకోండి. ఎంత మంచివారనిపించినా అప్పు ఇవ్వడం, ఒకరి సంచి మన పేరుతో దించడం వద్దు. సముద్రం మధ్యలో మామూలు సిగ్నల్ ఉండదు, ఓడ ద్వారా వచ్చే నెట్‌వర్క్‌కు ఫోను తగులుకుంటే రోమింగ్ బిల్లు వేలల్లో వస్తుంది, కాబట్టి ఓడ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. వై-ఫైకి వేరే డబ్బు కట్టాలి. ఇందువల్ల వాట్సాప్‌లో "ఎక్కడున్నారు?" అని వెతుక్కోవడం కుదరదు. "రేపు పది గంటలకు లైబ్రరీ ముందు" అని పాతకాలం పద్ధతిలో మాట అనుకోవాలి, చిన్న పుస్తకంలో రాసుకోవాలి. ఓడలోని వైద్యం చాలా ఖరీదు, సముద్రయానానికి వర్తించే ప్రయాణ బీమా తప్పక తీసుకోండి. కడుపులో తిప్పే స్వభావం ఉంటే మధ్యభాగంలో, కింది అంతస్తులో గది అడగండి, మాత్రలు మీ డాక్టరును అడిగి వెంట తెచ్చుకోండి. ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో నేర్పే మస్టర్ డ్రిల్ మొదటి రోజు జరుగుతుంది, దాన్ని శ్రద్ధగా చేయండి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా ప్రమాదం జరిగినప్పుడు కొత్తగా ఎక్కినవారికి ఇంకా ఆ శిక్షణ జరగనే లేదు, అందుకే ఇప్పుడు ఓడ కదలకముందే పూర్తి చేయిస్తారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే ఎక్కడికి వెళ్లాలో ఆ చోటును కాళ్లతో నడిచి చూసి రండి. మీ వరుస గదులవారు కూడా చాలావరకు అక్కడికే వస్తారు, పలకరించడానికి అది మంచి సందు.

కాగితాల పని క్లుప్తంగా చెబుతాను. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. సింగపూర్ వీసా అధీకృత ఏజెంటు ద్వారా వస్తుంది, మలేషియా వెళ్లి తిరిగి సింగపూర్‌లోనే దిగుతారు కనుక అది మల్టిపుల్ ఎంట్రీ వీసా అయి ఉండాలి. సింగపూర్ చేరడానికి ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో ఎరైవల్ కార్డు నింపాలి. మలేషియా, థాయిలాండ్ నిబంధనలు తరచూ మారుతుంటాయి, టికెట్ నాటి నియమాన్ని ఏజెంటు చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. శంషాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి, సుమారు నాలుగున్నర గంటలు. ఓడ బయలుదేరే రోజునే దిగేలా కాకుండా ఒక రోజు ముందే చేరండి. నిద్రలేని ముఖంతో ఎక్కినవారు మొదటి సాయంత్రం గదిలోనే పడుకుంటారు, ఆ మొదటి సాయంత్రమే మీకు అన్నిటికన్నా విలువైనది.

ఇంకొక్క మాట. కలుసుకున్న ఒకే జంటను పట్టుకుని రోజంతా తిరగవద్దు, వారికీ తమ వేళ కావాలి. రోజులో ఒక పూట మీకోసం ఉంచుకోండి. నేను మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎవరినీ కలవను, పైడెక్ మీద నీడ చూసుకుని పుస్తకం చదువుకుంటాను. సాయంత్రం టీ వేళకు మనుషుల మీద మళ్లీ ఇష్టం కలుగుతుంది.

చివరి రాత్రి పెట్టెలు సర్ది, చీటీలు కట్టి, గది బయట పెట్టాలి. మర్నాడు ఉదయం అందరూ ఫలహారం తొందరలో, దిగే వరుసల్లో ఉంటారు, వెతికినా ఎవరూ దొరకరు. కనుక ఫోను నంబర్లు చివరికి ముందు రోజు రాత్రి భోజనం దగ్గరే రాసుకోండి, పేరు పక్కన ఊరూ, మీకు వారు ఎక్కడ కలిశారో కూడా రాయండి, లేకపోతే నెల తరువాత ఎవరి నంబరు ఎవరిదో తెలియదు. రాసుకున్నవాటిలో చాలావరకు పండగ శుభాకాంక్షల దగ్గరే ఆగిపోతాయి. ఇపో అక్కచెల్లెళ్లు మాత్రం 2019 డిసెంబరులో హైదరాబాద్ వచ్చి మా ఇంట్లో అయిదు రోజులున్నారు. పెద్దామె తన తాతగారి ఊరి పేరు రాసి ఉన్న పాత ఉత్తరం ఒకటి తెచ్చింది, అక్షరాలు సగం చెరిగిపోయాయి. వంటింటి గట్టు మీద దాన్ని పరిచి ముగ్గురం చాలాసేపు చదివాము.

మీ తేదీ, ఓడ పేరు ఖరారయ్యాక రాయండి. ఆ ఓడలో భోజనశాల ఏ పద్ధతిలో నడుస్తుందో, టికెట్ తీసుకునేటప్పుడు ఏజెంటు చేత ఏమేమి రాయించాలో చూసి చెబుతాను.